జిల్లా ప్రామాణిక కంఠం

ప్రభుత్వం ఒక వస్తువును నిషేధించాలంటే ముందు ఆ వస్తువు పనిచేసి తీరాలి. పనిచేయని వస్తువును నిషేధించడం చచ్చిన పామును కొట్టడంతో సమానం. పాముకు ఏమీ కాదు, కొట్టినవాడికి పేరూ రాదు. ఈ సూక్ష్మం నిషిద్ధ ధూమ పరికరాల నియంత్రణ శాఖవారి దొడ్డవరం జిల్లా కార్యాలయానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు నుంచి సీనియర్ అసిస్టెంటు కుంచాల వీరభద్రాచారి గొంతుకు శని పట్టింది.

ఆచారికి ఆ గొంతు తప్ప వేరే ఆస్తి లేదు. బీడీ కాల్చలేదు, చుట్ట ముట్టలేదు, పెళ్ళిలో కూడా తాంబూలం చేత్తో పట్టుకుని ఫోటో దిగాడే గాని నోట్లో పెట్టుకోలేదు. పొద్దున లేస్తే మిరియాల పాలు, ఆఫీసుకు బయల్దేరేముందు బుగ్గన పటికబెల్లం ముక్క. ఇదంతా ఏడాదికి ఒక్క రోజు కోసం. జిల్లా ఉద్యోగుల పద్యనాటక పోటీల్లో ఆయన రాజు వేషం కడతాడు. పద్యం చివర రాగం అందుకున్నాడంటే జనం గడియారాలు చూసుకుంటారు. ఊపిరి ఎక్కడ పీల్చాడో ఎవరికీ తెలియదు. రాగం దిగగానే హాలంతా "వన్స్ మోర్" అని అరుస్తుంది, యుద్ధంలో చచ్చిపోవలసిన రాజు సైతం లేచి మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. మన దగ్గర అది మర్యాద.

ఇంతా చేసి పదకొండేళ్ళుగా ఆయనకు రెండో బహుమతే. న్యాయనిర్ణేతలు ప్రతి నటుడికీ ఒక చీటీ రాసిస్తారు. ఆచారి చీటీ మీద పదకొండేళ్ళూ ఒకే మాట: "గాత్రం ఉంది, నటన లేదు." న్యాయనిర్ణేతలు మారారు, హాలుకు సున్నం మారింది, ఆ వాక్యం మాత్రం మారలేదు. ఈ ఏడు జూన్‌లో ఆయన రిటైరవుతాడు. పోటీ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే. కాబట్టి ఇరవయ్యారో తారీఖు ఆదివారం జరగబోయే పోటీయే ఆఖరిది. మొదటి బహుమతి వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే లేదు.

ఇక కేసు సంగతి. బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే గోనుగుంట చెంచురాజు అనే కుర్రవాడి కొట్టు మీద శాఖవారు దాడి చేసి ఒక వేప్ గొట్టాన్ని, సొంతంగా కలిపిన ఒక సీసా వేప్ నీళ్ళను పట్టుకున్నారు. వేప్ అంటే పొగాకు లేని సిగరెట్టు. లోపల ఒక తీగ వేడెక్కి, దూదిలో ఉన్న ద్రవాన్ని ఆవిరి చేస్తే, ఆ ఆవిరిని పీలుస్తారు. శాఖ భాషలో గొట్టం పేరు విద్యుద్ధూమ నాళిక, నీళ్ళ పేరు తత్సంబంధిత ద్రవం. నేరం రుజువైతే చెంచురాజుకు ఏడాది జైలు, కొట్టుకు తాళం. పొగాకు వేలంపాటల ఊళ్ళో పొగాకు లేని సిగరెట్టుకు జైలేమిటని ఎవరూ అడగలేదు. అడగడం శాఖ పరిధిలోకి రాదు.

కోర్టులో చెంచురాజు వకీలు పెద్దగా వాదించలేదు. "అయ్యా, చట్టంలో 'మనిషి పీల్చదగిన ఆవిరి' అని ఉంది. మా క్లయింటు కలిపిన ఈ సరుకు మనిషి పీల్చదగినదా అని నా ఒక్కటే సందేహం. పట్టుకున్న ఇన్‌స్పెక్టరు గారే ఒక్క గుక్క పీల్చి చెప్పమనండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు మీసం దువ్వుకుని పీల్చాడు. తర్వాత ఆయన్ను ఇద్దరు కానిస్టేబుళ్ళు వరండాలోకి మోసుకుపోయి వీపు నిమిరారు. "చూశారా! ఇది వేప్ కాదు, దోమల మందు. దోమల మందు నిషిద్ధం కాదు" అన్నాడు వకీలు. మేజిస్ట్రేటు గారు కాస్త ఆలోచించి, ఆ ద్రవం పీల్చదగినదని నలభై ఐదు రోజుల్లో తన ముందు నిరూపించాలనీ, లేకపోతే కేసు కొట్టేస్తాననీ చెప్పారు. వాయిదా ఇరవై నాలుగో తారీఖు, శుక్రవారం.

మర్నాడు జాయింట్ కంట్రోలర్ కృపానిధి గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడలేరు. ఇంట్లో ఉప్పు అడిగినా "విషయం: ఉప్పు" అని మొదలుపెడతారని ప్రతీతి.

"సోదర ఉద్యోగులారా, ఇది శాఖ ఉనికికి సంబంధించిన అంశం. ఘాటు అనేది ఒక దోషం. దోషాన్ని గుర్తించుట, విశ్లేషించుట, నివారించుట అనే మూడంచెల విధానంలో మనం ముందుకు పోవలసి ఉన్నది. నేటి నుంచి నలభై దినములలో ఆ ద్రవం ఘాటు లేకుండా, మనిషి పీల్చదగిన స్థితికి చేరవలెను."

"సార్, కోర్టు సాక్ష్యాన్ని మార్చకూడదు గదా?" అన్నాడు ఆచారి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన సమావేశంలో నోరు విప్పిన మొదటిసారి అదే.

"స్వరూపం మార్చరాదు. స్వభావం మార్చవచ్చు. రెంటికీ వ్యత్యాసమును వివరిస్తూ వేరుగా సర్క్యులర్ పంపుతాను" అన్నారు కృపానిధి గారు. తర్వాత ఆచారి వైపు తేరిపార చూశారు. "మీకు ధూమపాన అలవాటున్నదా?"

"అబ్బే, ఎప్పుడూ లేదండీ."

"తాంబూలం?"

"లేదండీ."

"అనగా, మీది పూర్వానుభవ దోషం లేని కంఠం. నిష్పక్షపాత కంఠం. పైగా నాటకాల్లో సాధన చేసిన కంఠం. ఘాటును కొలవడానికి యంత్రం కొనాలంటే టెండరుకు పద్దెనిమిది నెలలు పట్టును. కంఠం సిద్ధంగా ఉన్నది" అన్నారు కృపానిధి గారు. సభ చప్పట్లు కొట్టింది. ఎవరికి వారికి తమ గొంతు తప్పించుకున్నందుకు సంతోషం. సమావేశంలో ఆచారి రెండోసారి నోరు విప్పుదామనుకునే లోపు టీ వచ్చేసింది.

సాయంత్రానికి ఉత్తర్వు కూడా వచ్చింది. "పై సూచిక ననుసరించి తెలియజేయునది ఏమనగా, శ్రీ కుంచాల వీరభద్రాచారి, సీనియర్ అసిస్టెంటు వారి కంఠమును జిల్లా ప్రామాణిక కంఠముగా నియమించడమైనది. సదరు కంఠమును నేటి నుంచి అన్యకార్యములకు వినియోగించరాదు." ఆ కాగితం ఇంటికి తీసుకెళితే భార్య మాణిక్యం రెండుసార్లు చదివింది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా? ఆ పిల్లోడు కలిపిందేందో వాడే పీల్చుకుంటాడు. నువ్వెందుకు పోయి గొంతు కోసుకోటం?"

"నేను కోసుకోట్లేదే. ప్రభుత్వం కోస్తంది" అన్నాడు ఆచారి.

మొదటి పరీక్ష సోమవారం పొద్దున పదకొండింటికి రికార్డు గదిలో జరిగింది. రికార్డు అసిస్టెంటు ఎస్తేరమ్మ రిజిస్టరు, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఆమె పని దగ్గులు లెక్కపెట్టడం. ఆచారి ఒక్క గుక్క పీల్చాడు. గొంతులో ఎవరో పచ్చి మిరపకాయలు నూరి, ఆ రోలు కూడా దాంట్లోనే కడిగినట్టయింది. పద్నాలుగు దగ్గాడు. మధ్యలో ఒకసారి గొంతు సవరించుకున్నాడు. అది దగ్గు కిందికి వస్తుందా రాదా అని తగాదా వచ్చింది. కృపానిధి గారు మర్నాడే స్పష్టీకరణ పంపారు: "గొంతు సవరింత దగ్గు కాదు. గట్టి సవరింతలు మూడింటిని ఒక దగ్గుగా పరిగణించవలెను. తుమ్ము ఈ శాఖ పరిధిలోకి రాదు." పీల్పుకు రెండు దగ్గులకు మించకపోతే ద్రవం పీల్చదగినదనే ప్రమాణం కూడా అందులోనే ఉంది.

వారం రోజులు శాఖ తన సొంత తెలివితో పనిచేసింది. ఒకరు తేనె కలపమన్నారు. ఒకరు గులాబీ నీళ్ళన్నారు. అకౌంట్సు సెక్షను వాళ్ళు ఏకగ్రీవంగా మజ్జిగ సూచించారు. దగ్గులు పద్నాలుగు నుంచి పంతొమ్మిదికి పెరిగాయి. ఆచారి గొంతులో పై స్థాయి రెండు మెట్లు విరిగిపోయాయి. రిహార్సల్లో రాగం అందుకుంటే సగంలో తుప్పు పట్టిన తలుపు తీసినట్టు వినిపించింది. హార్మోనియం వాయించే ఆయన చేతులు ఆపేసి నీళ్ళ చెంబు అందించాడు.

"అసలు దీని లోగుట్టు తెలిసిన నిపుణులెవరైనా జిల్లాలో లేరా?" అని కృపానిధి గారు గర్జించారు.

"ఒకరున్నారండీ" అంది ఎస్తేరమ్మ. "ముద్దాయి."

దొంగ చేతికి తాళాలివ్వడం లోకంలో తప్పు కావచ్చు. శాఖలో దాని పేరు అవుట్‌సోర్సింగ్. బెయిలు మీద ఉన్న చెంచురాజును సాంకేతిక సలహాదారుగా తీసుకున్నారు. రోజూ పొద్దున పోలీసు స్టేషన్లో ఒక సంతకం, ఆఫీసు హాజరు పట్టీలో ఒక సంతకం. రెండు చోట్లా తను తప్పించుకోలేదనే రుజువు.

చెంచురాజు వచ్చీ రాగానే గొట్టం విప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఏంది సార్ ఇది! మజ్జిగ పోశారేంది దీంట్లో?"

"పోసింది నేను కాదు నాయనా, పీల్చింది నేను" అన్నాడు ఆచారి.

"అయ్యో సార్... నన్ను పట్టుకున్నప్పుడే ఇది సరిగ్గా లేదు. నేర్చుకుంటా ఉన్నా. యూట్యూబులో చూసి కలిపా. ఘాటు ఎందుకొస్తందో కనుక్కునే లోపలే మీవోళ్ళు వచ్చారు. ఇంకో వారం ఆగుంటే మంచి సరుకు పట్టుకునేవోళ్ళు."

సెల్‌ఫోను బాగుచేసేవాడికి ఒక గుణం ఉంటుంది. చెడిపోయిన వస్తువు చేతిలో పెడితే అది ఎవరిదో, బాగైతే ఎవరి కొంప మునుగుతుందో ఆలోచించడు. చెంచురాజు ఆ గుణంతోనే చిక్కాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, భూతద్దం కంటికి బిగించి, గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత దోషాలు చెప్పాడు. ఘాటు ఒక్కచోట లేదు. దూది మాడింది, ముందు ఆ మాడు వాసనే గొంతు పట్టుకుంటుంది. తీగకు వేడి ఎక్కువైంది. బేకరీవాళ్ళ అనాసపండు ఎసెన్సు నాలుగింతలు పడింది. నికోటిన్ మందు పాళ్ళు కూడా ఎక్కువ.

ప్రతి దోషానికీ ఒక ఫైలు తెరుచుకుంది. దూది మార్చడానికి జిల్లా ఆసుపత్రికి లేఖ రాస్తే వాళ్ళు గాయం ఎవరికని తిరిగి అడిగారు. కృపానిధి గారు "గాయం: శాఖకు" అని రాసి పంపాక దూది వచ్చింది. దగ్గులు పదకొండుకు దిగాయి. వేడి తగ్గించాక తొమ్మిది. కలిపిన పాళ్ళు పలచన చేశాక ఏడు. ఏడు దగ్గర ఆగిపోయింది. చెంచురాజు తల గోక్కున్నాడు, ఎస్తేరమ్మ పెన్సిలు చెక్కుకుంది, కృపానిధి గారు మూడు రిమైండర్లు రాశారు. రిమైండర్లకు ద్రవం లొంగలేదు.

"ఇంక ఒక్కటే ఉంది సార్" అన్నాడు చెంచురాజు నసుగుతూ. "దీన్ని చీకట్లో పెట్టి వదిలెయ్యాల. కదపగూడదు, చూడగూడదు, దాని జోలికే పోగూడదు. నాకంత ఓపిక లేక ఆ పనొక్కటీ చెయ్యలా. ఎంత పక్కన పెడితే అంత మెత్తబడుద్ది."

గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా జనం తిట్టిన ఒక విద్యకు ఇవాళ శాస్త్రం సాక్ష్యం చెప్పింది. కృపానిధి గారి కళ్ళు చెమర్చాయి. "అనగా, పెండింగులో పెట్టవలెను. ఈ రంగంలో మన శాఖకు రాష్ట్రంలోనే సాటి లేదు" అన్నారు.

సీసాను ఒక ఫైలులో చుట్టి, ఎర్ర దారం కట్టి, పైన "అత్యవసరం" అని రాసి రికార్డు గది బీరువాలో పెట్టారు. అత్యవసరం అని రాస్తే ఎవరూ ముట్టుకోరని ఎస్తేరమ్మ హామీ ఇచ్చింది. ఆ మాట నిజమైంది. రెండు వారాల తర్వాత తీస్తే దారం మీద సాలెగూడు కూడా ఉంది.

ఈ రెండు వారాల్లో ఆచారి బాగుపడి ఉండవలసింది. కాని ప్రామాణిక కంఠం ప్రామాణికంగా ఉండాలి కదా. ఆడిటు వాళ్ళు వస్తున్నారని కృపానిధి గారు కంఠాన్ని స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. బీరువాలు ఆరు, కుర్చీలు ఇరవై రెండు, కూలరు ఒకటి, కంఠం ఒకటి. రిజిస్టరుకెక్కిన వస్తువుకు నిర్వహణ నియమాలుంటాయి. మిరియాల పాలు తాగితే కొలత మారుతుంది కాబట్టి తాగరాదు. పటికబెల్లం కూడా అంతే. కొలమానం బిగుసుకుపోకుండా మొదట్లోనే వేరుగా తీసి ఉంచిన పాత సరుకు రోజుకొకసారి ఒక గుక్క పీల్చి దగ్గులు పద్నాలుగు వస్తున్నాయో లేదో సరిచూసుకోవాలి. రిహార్సలు అన్యకార్యం కాబట్టి నిషిద్ధం. ఇరవయ్యారున నాటకానికి కంఠాన్ని వాడుకోవడానికి ఆచారి దరఖాస్తు పెట్టుకుంటే, "కార్యాలయ ఆస్తిని స్వప్రయోజనములకు వినియోగించుట" కింద మెమో వచ్చింది.

ఆచారి ఆ మెమో పట్టుకుని కృపానిధి గారి గదికి వెళ్ళాడు. "సార్, ఇది నా గొంతండీ. నాతోపాటు పుట్టింది" అన్నాడు. గొంతు రాసుకుపోయి గీకినట్టు వచ్చింది ఆ మాట.

కృపానిధి గారు లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "మీరు నిరాశపడనవసరం లేదు. శుక్రవారం కోర్టులో నిరూపణ విజయవంతమైనచో మీ కంఠమును రాష్ట్ర ప్రామాణిక కంఠముగా ప్రకటించమని పై అధికారులకు రాస్తున్నాను. అన్ని జిల్లాల సరుకూ మీ వద్దకే వచ్చును. మీకు రెండేళ్ళ సర్వీసు పొడిగింపు. నాటకములు ఎవరైనా ఆడగలరు ఆచారి గారూ, ప్రమాణము మాత్రం ఒక్కరే కాగలరు."

ఆ రాత్రి భోజనం దగ్గర ఆచారి సంగతంతా మాణిక్యానికి చెప్పాడు. అన్నంలో చారు పోసి, "పొడిగింపు వస్తే మంచిదేగా" అంది మెల్లగా. ఆచారి తల ఊపాడు. రెండేళ్ళ జీతం తేలికగా తీసిపారేసేది కాదు. రెండేళ్ళు అన్ని జిల్లాల ఘాటూ తన గొంతులోంచి వెళ్ళడం కూడా తేలిక కాదు.

గురువారం తుది పరీక్ష. బీరువాలోంచి తీసిన ద్రవాన్ని ఆచారి పీల్చాడు. ఎస్తేరమ్మ పెన్సిలు ఎత్తి పట్టుకుంది. ఏమీ రాలేదు. దగ్గు లేదు, సవరింత లేదు. మీగడ మింగినట్టు ఆవిరి లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది. ఎస్తేరమ్మ రిజిస్టరులో పెద్ద సున్నా చుట్టింది. శాఖంతా ఎగిరి గంతులేసింది. చెంచురాజు అందరికంటే ఎత్తు ఎగిరాడు.

ఎగిరి దిగాక వాడికి సంగతి తట్టింది. మెట్ల మీద కూలబడ్డాడు. ఆచారి పోయి పక్కన కూర్చున్నాడు.

"నా గొయ్యి నేనే తవ్వుకున్నా సార్" అన్నాడు చెంచురాజు. "అదీ నున్నగా చెక్కి మరీ తవ్వుకున్నా. రేపు మీరు దగ్గకపోతే నాకు ఏడాది. మా లాయరేమో 'ఇది ఆఫీసోళ్ళు కలిపిందేనని వాదిద్దాం' అన్నాడు. ఎట్టా వాదిస్తాడు సార్? కలిపింది నేనేగా. హాజరు పట్టీలో ముప్పై సంతకాలున్నయ్."

"మరి అంత బాగా ఎందుకు చేశావు నాయనా?"

"ఏమో సార్. చేతికొచ్చింది చెడగొట్టి ఇచ్చే అలవాటు లేదు నాకు. అదే వచ్చిన తంటా." వాడు చొక్కాతో ముఖం తుడుచుకుని, "మీ నాటకం ఆదివారమంటగా? మా నాయన మీ రాగం కోసం ఏటా వచ్చేవోడు సార్. మీరు చచ్చిపోయేటప్పుడు వన్స్ మోర్ అని మొదట అరిచేది ఆయనే" అన్నాడు.

ఆచారి వాడి వీపు మీద చెయ్యి వేశాడు.

శుక్రవారం కోర్టు హాలు కిటకిటలాడింది. కృపానిధి గారు ఇస్త్రీ కోటులో ముందు వరసలో కూర్చున్నారు. ఎస్తేరమ్మను దగ్గుల గణకురాలిగా బోను పక్కనే నిలబెట్టారు. మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సవరించుకుని "కానివ్వండి" అన్నారు. ఆచారి బోనెక్కి గొట్టం నోట పెట్టుకుని నిండా ఒక గుక్క పీల్చాడు.

మళ్ళీ మీగడే. గొంతులో ఎక్కడా గీరుకోలేదు. ఆవిరి తెల్లగా బయటికి వచ్చి ఫ్యాను గాలికి చెదిరిపోయింది. కృపానిధి గారి ముఖం మీద చిరునవ్వు మొదలైంది. ముద్దాయి స్థానంలో చెంచురాజు కళ్ళు మూసుకున్నాడు.

గాత్రం ఉంది, నటన లేదు. పదకొండేళ్ళ చీటీలు ఒక్కసారిగా ఆచారి కళ్ళ ముందు తిరిగాయి. ఆయనకు రోషం వచ్చింది.

మొదటి దగ్గు చిన్నగా, అనుమానంగా వచ్చింది. రెండోది కాస్త లోపలినుంచి. తర్వాత ఆయన రాగం అందుకునే పద్ధతిలోనే నాభి దగ్గర పట్టి కింది స్థాయిలో నాలుగు, మధ్య స్థాయిలో ఎనిమిది, ఒక్క క్షణం ఆగి, అయిపోయిందని జనం ఊపిరి పీల్చుకునే సరికి పై స్థాయికి ఎత్తుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, బోను కర్రను రెండు చేతులా పట్టుకుని వంగిపోయాడు, కండువా జారిపోయింది. మేజిస్ట్రేటు గారు తమ మంచినీళ్ళ గ్లాసు స్వయంగా అందించారు. ఆచారి ఒక గుక్క తాగి మరో ఆరు దగ్గాడు.

మొత్తం ఇరవై ఏడు. నలభై రోజులుగా ఆయన అసలు దగ్గులన్నీ విన్న మనిషి ఎస్తేరమ్మ ఒక్కతే. ఆమె తలెత్తి ఆచారిని ఒకసారి నిదానంగా చూసింది. తర్వాత రిజిస్టరులో ఇరవై ఏడు అని స్పష్టంగా రాసి కింద సంతకం పెట్టింది.

"ఇది మనిషి పీల్చదగినది కాదు" అన్నారు మేజిస్ట్రేటు గారు, తమ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటూ. కేసు కొట్టేశారు.

వరండాలో ఎస్తేరమ్మ ఆచారి పక్కనుంచి పోతూ, "పదిహేడోది కొంచెం ఎక్కువైంది సార్" అని గొణిగి ఆగకుండా వెళ్ళిపోయింది.

శాఖలో ఒక వస్తువు పనికిరాదని తేల్చడానికి మామూలుగా ఆరేళ్ళు పడుతుంది. కాని సోమవారం ఆడిటు. నిన్న సున్నా చూపించి ఇవాళ ఇరవై ఏడు చూపించిన కొలమానం రిజిస్టరులో ఉంటే కృపానిధి గారికే ముప్పు. అందుకని ఆ సాయంత్రమే పనికిరాని సామాను జాబితా తయారైంది: విరిగిన కుర్చీలు మూడు, తిరగని కూలరు ఒకటి, ప్రామాణిక కంఠం ఒకటి, మరమ్మతుకు వీలుకానిది. పనికిరాని సామానును వేలం వేయాలన్నది నియమం. శనివారం పొద్దున ఆఫీసు ఆవరణలో వేలం జరిగింది. వచ్చింది ఒక్కడే, చెంచురాజు. అన్నీ కలిపి ఒకే లాటుగా పాడుకున్నాడు. కుర్చీలు, కూలరు రిక్షాలో వేయించుకుని, రసీదు మాత్రం తెచ్చి ఆచారి చేతిలో పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టుగా, ఎలాంటి హామీ లేకుండా" అని దాని మీద ముద్ర ఉంది.

"తీసుకోండి సార్. ఇంక మీదే" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి టౌన్‌హాల్లో ఆచారి కిరీటం పెట్టుకున్నాడు. రెండు రోజులుగా మాణిక్యం గంటకొకసారి మిరియాల పాలు పోసింది. నలభై రోజులు కోసిన గొంతు రెండు రోజుల్లో అతుక్కుంటుందా? మొదటి పద్యం బొంగురుగా వచ్చింది. రెండోది ఇంకా కిందికి పోయింది. ముందు వరసలో న్యాయనిర్ణేతలు పెన్నులు ఆపి ఒకరినొకరు చూసుకున్నారు. చివరి పద్యం వచ్చింది. ఓడిపోయిన రాజు నేలకొరిగి, పోగొట్టుకున్నదంతా తలుచుకుంటూ పాడవలసిన పద్యం. ఆచారి కళ్ళు మూసుకుని రాగం అందుకున్నాడు. నాలుగు మెట్లెక్కింది. ఐదో మెట్టు మీద దగ్గు వచ్చింది.

ఈసారి అది నాటకం కాదు. నిజమైన దగ్గు. పోయిన గొంతును తలుచుకుంటే ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి, కత్తి మీద ఆనుకుని కూలబడి, పాడలేక, పాడలేనని తెలిసి, పెదవులు మాత్రం కదిపాడు. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో వెనక వరస నుంచి చెంచురాజు లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచాడు. హాలు హాలంతా అందుకుంది. చచ్చిన రాజు లేచి, నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ దగ్గి మళ్ళీ చచ్చాడు.

రంగు కడుక్కునే చోట ఒక కార్యకర్త వచ్చి ఆచారికి చీటీ ఇచ్చి వెళ్ళాడు. ఆయన తడి చేతులతో విప్పాడు. "నటన ఉంది, గాత్రం లేదు. రెండో బహుమతి."

ఆచారి దాన్ని మాణిక్యానికి ఇచ్చాడు. ఆమె చదివి, మడిచి, కొంగుకు ముడి వేసుకుంది.

"పన్నెండేళ్ళకి రెండూ వచ్చినయ్ గదయ్యా" అంది, పటికబెల్లం ముక్క ఆయన నోట్లో పెడుతూ. "ఒకే రోజు రాలేదు, అంతే."